3 అంగుళాలు ఎత్తిన రాంగ్లర్: స్టీరింగ్ ఎందుకు నిలవదు, దేని తరువాత దేన్ని సరిచేయాలి

మీరు చెప్పిన లక్షణాలను ముందుగా ఒకచోట పెడుతున్నాను. బండి 2013 నాటి జీప్ రాంగ్లర్, జేకే అనే తరానిది, నాలుగు తలుపులది. ముందూ వెనుకా 3 అంగుళాలు ఎత్తే కాయిల్ స్ప్రింగులు, కొత్త షాకులు, 35 అంగుళాల టైర్లు వేయించారు. మిగతా భాగాలన్నీ బండితో వచ్చినవే. డాలస్ చుట్టుపక్కల హైవేల మీద వేగం గంటకు 65 మైళ్లు దాటితే బండి లేన్‌లో నిలవక అటూ ఇటూ తేలుతోంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావడం లేదు. నేరుగా పోతున్నప్పుడు స్టీరింగ్ చక్రం 15 డిగ్రీల దాకా పక్కకు వాలి ఉంటోంది, ర్యాంపు మలుపుల్లో ఈఎస్‌పీ (బండి జారుతోందనుకుంటే తానే బ్రేకు వేసే వ్యవస్థ) దీపం వెలిగి ఆరుతోంది, ఒకసారి వంతెన అతుకు మీద 50 మైళ్ల వేగంలో ముందుభాగం మొత్తం అదిరిపోయింది. అలైన్‌మెంట్ షాపు వారు ఇచ్చిన కాగితంలో కాస్టర్ (చక్రం తిరిగే కీళ్ల గీత వెనక్కి వాలే కోణం) ఎడమ 2.3, కుడి 2.6 డిగ్రీలు, క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం) మైనస్ 0.3, మైనస్ 0.4, మొత్తం టో (ముందు చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగిన కోణం) 0.10 అని ఉంది. టో తప్ప ఇందులో మార్చడానికి ఏమీ లేదని చెప్పి పంపించారు. స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపును తగ్గించే షాకు) రెండోది వేయిస్తే సరిపోతుందా అన్నది మీ ప్రశ్న.

డ్యాంపర్ కొనవద్దు. మీరు చెప్పినవన్నీ ఒకే రోగం కాదు. మూడు వేర్వేరు రోగాలు ఒకే బండిలో కలిసి కనిపిస్తున్నాయి. తేలడానికీ స్టీరింగ్ తిరిగి రాకపోవడానికీ కారణం కాస్టర్ తగ్గడం. స్టీరింగ్ చక్రం వాలడానికీ ఈఎస్‌పీ జోక్యానికీ కారణం డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సు కదలికను చక్రానికి చేర్చే కడ్డీ) సవరించకపోవడం. వంతెన మీది ఊగుడుకు కారణం ఎక్కడో ఒక కీలు లేదా బోల్టు లూజుగా ఉండడం. వీటిని సరిచేయడానికి ఒక వరుస ఉంది, ఆ వరుస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది. నేను పన్నెండేళ్లుగా నా గ్యారేజీలో ఇటువంటి బళ్లతో తంటాలు పడుతున్నాను, మొదటి రెండేళ్లూ ఈ వరుస తెలియకనే గడిచిపోయాయి.

అన్నిటికంటే ముందు లూజును వెతకాలి, ఎందుకంటే ఆడుతున్న కీళ్ల మీద కొలిచిన కొలతకు విలువ లేదు. అలైన్‌మెంట్ యంత్రం బండి నిలబడి ఉన్నప్పటి కోణాలను చెబుతుంది తప్ప, గుంతలో పడ్డప్పుడు యాక్సిల్ పక్కకు ఎంత జరుగుతుందో చెప్పదు. పరీక్ష చాలా తేలిక. బండి నాలుగు చక్రాల మీదే నేల మీద ఉండాలి, జాకీ ఎక్కించకూడదు. హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఒకరు లోపల కూర్చుని స్టీరింగును పావు చుట్టు ఎడమకు, పావు చుట్టు కుడికి ఆపకుండా తిప్పుతూ ఉండాలి. మీరు ముందు వైపు పడుకుని టార్చి వెలుగులో ఒక్కొక్క కీలునూ చూడండి. ట్రాక్ బార్ (యాక్సిల్ పక్కకు జరగకుండా ఫ్రేముకు పట్టి ఉంచే కడ్డీ) రెండు చివరలు, డ్రాగ్ లింక్ రెండు చివరలు, టై రాడ్ (రెండు ముందు చక్రాలను కలిపే కడ్డీ) రెండు చివరలు, స్టీరింగ్ బాక్సు ఫ్రేముకు బిగించిన చోటు, ఈ వరుసలో చూస్తూ ఒక్కొక్క దాని మీద వేలు ఆనించి ఉంచితే కంటికి కనిపించని కదలిక కూడా చేతికి తెలుస్తుంది. రబ్బరు బుష్ మెలిపడడం సహజం, కానీ బోల్టు తల దాని బ్రాకెట్లో కదలకూడదు. ఆ తరువాత ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, టైరు కింద గడ్డపలుగు పెట్టి పైకి ఎత్తుతూ బాల్ జాయింట్లు (చక్రం పక్కలకు తిరిగే గుండ్రని కీళ్లు) చూడండి. ఈ జేకేలో బరువైన టైర్లు వేసిన తరువాత అవి త్వరగా అరుగుతాయి.

నా బండికి ఇదే ఊగుడు వచ్చినప్పుడు నేను టైర్లు బ్యాలెన్స్ చేయించాను, బాల్ జాయింట్లు మార్చాను, డ్యాంపర్ మార్చాను, అయినా నెల తిరగకుండా అదే వంతెన మీద అదే ఊగుడు. చివరికి ట్రాక్ బార్ యాక్సిల్ వైపు బోల్టు చుట్టూ రంగు అరిగిపోయి, నెలవంక ఆకారంలో ఇనుము మెరుస్తూ కనిపించింది. లిఫ్ట్ వేసిన రోజు నేనే ఆ బోల్టును చేతి అంచనాతో బిగించాను. ఆ గీత పొడవు గోరంత కూడా లేదు, నెలల తరబడి నేను దాని పక్కనే పడుకుని వేరే భాగాలను విప్పుతూ వచ్చాను. జేకే ట్రాక్ బార్ బోల్టులకు కంపెనీ చెప్పిన బిగింపు 125 అడుగు-పౌండ్లు, అంటే 169 న్యూటన్ మీటర్లు. దీన్ని టార్క్ పానాతోనే, బండి తన బరువు మీద తాను నిలబడి ఉన్నప్పుడే బిగించాలి. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, నేల మీదికి దించగానే రబ్బరు బుష్ మెలితిరిగిపోయి ఉండి, కొద్ది నెలల్లో చిరుగుతుంది. బోల్టు రంధ్రం ఇప్పటికే కోడిగుడ్డు ఆకారానికి సాగిపోయి ఉంటే, ఎంత బిగించినా ప్రయోజనం లేదు; బ్రాకెట్టుకు బలమైన వాషరు వెల్డు చేయించాలి లేదా బ్రాకెట్టు మార్చాలి.

డ్యాంపర్ విషయం ఇక్కడే చెప్పడం మంచిది. స్టీరింగ్ డ్యాంపర్ రాళ్ల మీద చేతికి తగిలే దెబ్బను మెత్తబరుస్తుంది, అంతే. మిగతా భాగాలన్నీ బాగున్న జేకే, డ్యాంపర్ పూర్తిగా విప్పేసినా నేరుగా పోతుంది, వంతెనల మీద ఊగదు. విప్పితే ఊగుతోందంటే డ్యాంపర్ ఇన్నాళ్లూ రోగాన్ని దాచిపెట్టిందని అర్థం. రెండో డ్యాంపర్ వేస్తే ఇంకొన్ని నెలలు దాగుతుంది, ఈలోగా బోల్టు రంధ్రం ఇంకా సాగుతుంది. పైగా గ్యాస్ నింపిన డ్యాంపర్లు కొన్ని ఎప్పుడూ సాగాలనే చూస్తాయి కాబట్టి, బండి ఒక పక్కకు లాగే కొత్త గొడవ కూడా మొదలవుతుంది. ఊగుడు మళ్లీ వస్తే భయపడి బలంగా బ్రేకు తొక్కకుండా, యాక్సిలరేటరు వదిలి, స్టీరింగును గట్టిగా పట్టుకుని, వేగం తగ్గనిచ్చి పక్కకు తీయండి.

లూజు తేలిన తరువాత టైర్ల గాలి చూడండి. తలుపు దగ్గరి స్టిక్కరు మీది అంకె చిన్న టైర్లకు రాసినది. 35 అంగుళాల వెడల్పు టైరులో అంత గాలి పెడితే మధ్య భాగమే నేలను తాకి, బండి రోడ్డు గీతల వెంట పరుగెత్తుతుంది. టైరు మీద అడ్డంగా సుద్దముక్కతో గీత గీసి, నేరుగా వంద అడుగులు నడిపి, సుద్ద ఎక్కడ చెరిగిందో చూడండి. గీత అంతా సమానంగా చెరిగే దాకా గాలి తగ్గించుకుంటూ రండి. ఈ బరువు బండికి చాలాసార్లు అది 28 నుంచి 30 పీఎస్ఐ దగ్గర తేలుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి, కాస్టర్‌కు వస్తాను. సైకిలు ముందు ఫోర్కు నిలువుగా కాకుండా వెనక్కి వాలి ఉండడం వల్ల కూడా హ్యాండిల్ వదిలేసినా సైకిలు కొంత దూరం నేరుగా పోతుంది. ముందు యాక్సిల్ చివర ఉన్న బాల్ జాయింట్ల గీత కూడా అలాగే పైభాగం వెనక్కి వాలి ఉండాలి; ఆ వాలు కోణమే కాస్టర్. జేకేకు కంపెనీ పెట్టినది 4.2 డిగ్రీలు. దాని ముందు యాక్సిల్‌ను కింద రెండు పొడుగు ఆర్ములు, పైన రెండు పొట్టి ఆర్ములు ఫ్రేముకు పట్టి ఉంచుతాయి. నాలుగూ ఒకే పొడవుతో సమాంతరంగా ఉంటే బండిని ఎంత ఎత్తినా కోణం మారేది కాదు. పొట్టిది, పొడుగుది వేర్వేరు వలయాల్లో తిరుగుతాయి కాబట్టి ఎత్తిన కొద్దీ యాక్సిల్ ముందుకు దొర్లి కాస్టర్ తగ్గుతుంది. మీ కాగితంలోని 2.3, 2.6 అంకెలు అచ్చంగా స్ప్రింగులు మాత్రమే మార్చిన బండి అంకెలు. అంత తక్కువ వాలుతో, అంత పెద్ద టైర్లతో 65 మైళ్ల వేగంలో తేలకపోతేనే ఆశ్చర్యపడాలి. సరిచేయడానికి ఏమీ లేదన్న మాట, ఆ షాపులో ఉన్న పనిముట్ల వరకు నిజమే; ఈ బండికి కాస్టర్ మరలు తిప్పి సవరించేది కాదు, భాగాలు మార్చి సవరించేది.

ఎడమకు, కుడికి మధ్య ఉన్న 0.3 తేడా గురించి బెంగపెట్టుకోవద్దు. బండి తక్కువ కాస్టర్ ఉన్న వైపుకు కొద్దిగా లాగుతుంది, అమెరికా రోడ్లు నీరు పోవడానికి కుడికి వాలి ఉంటాయి, కాబట్టి ఎడమ కొంచెం తక్కువ ఉండడం కలిసొచ్చేదే. దాన్ని సమానం చేయాలని ఎడమ ఆర్మును ఒక పొడవుకు, కుడి ఆర్మును మరో పొడవుకు పెట్టే ప్రయత్నం మాత్రం చేయకండి. యాక్సిల్ గొట్టం ఒకే ముక్క. ఒక పక్క మాత్రమే దొర్లడం దానికి చేతకాదు. బుష్‌లు నలగడం తప్ప కొలత మారదు. క్యాంబర్ అంకెలు కూడా బాగానే ఉన్నాయి. రెండు వైపులా పెద్ద తేడా ఉండి ఉంటే బాల్ జాయింట్లు అరిగాయో, యాక్సిల్ చివర బాల్ జాయింట్లను పట్టి ఉంచే సీ ఆకారపు భాగం వంగిందో అని అనుమానించేవాణ్ణి.

కాస్టర్ పెంచడానికి మూడు దారులు ఉన్నాయి. కింది ఆర్ముల యాక్సిల్ వైపు రంధ్రాల్లో కేమ్ బోల్టులు (తిప్పితే ఆర్మును కొద్దిగా జరిపే బోల్టులు) వేయడం మొదటిది. చవకైనది, ఒకటి రెండు డిగ్రీలకు మించి ఇవ్వదు, పైగా బోల్టు కదలడానికి రంధ్రాన్ని పొడవుగా తెరవాలి కాబట్టి రాళ్ల మీద తిరిగే బండికి నేను వేయను. రెండోది, పొడవు మార్చుకోగల లేదా ముందే పొడవు పెంచిన కింది ఆర్ములు. యాక్సిల్ మీద పై పిన్నుకు, కింది పిన్నుకు మధ్య దూరం 200 మిల్లీమీటర్లు అనుకుంటే, ఒక డిగ్రీకి కింది ఆర్ము 3.5 మిల్లీమీటర్లు పెరగాలి. మీకు రెండున్నర డిగ్రీలు కావాలంటే దాదాపు 9 మిల్లీమీటర్లు. ఇది యాక్సిల్‌ను ముందుకు కూడా నెడుతుంది కాబట్టి టైరు వెనుక అంచు మడ్‌గార్డుకు తగలడం తగ్గుతుంది. మూడోది, ఫ్రేము వైపు ఆర్ముల పిన్నులను కిందికి దించే జామెట్రీ బ్రాకెట్లు. ఇవి కాస్టర్‌ను తెచ్చిపెట్టడంతోపాటు ఆర్ములను మళ్లీ నేలకు దాదాపు సమాంతరంగా చేస్తాయి, అందువల్ల గతుకు తగిలినప్పుడు దెబ్బ ఫ్రేములోకి సూటిగా రాక ప్రయాణం మెత్తబడుతుంది. బదులుగా రాళ్లకు తగిలే ఎత్తు కొంత పోతుంది. వారమంతా ఆఫీసుకు నడిపి, ఏడాదికి రెండుసార్లు కొండదారులకు వెళ్లే మీవంటి వారికి నా ఓటు బ్రాకెట్లకే. ప్రతి వారాంతం రాళ్ల మీదే గడిపేవారికి అయితే ఆర్ములు చెబుతాను.

ఎంత పెట్టాలి అంటే, 4.5 నుంచి 5 మధ్య ఆగండి. ఆరు, ఏడు పెడితే ఇంకా బాగుంటుందనే సలహాలు వింటారు, కానీ ఈ యాక్సిల్‌లో కాస్టర్, పీనియన్ (డ్రైవ్ షాఫ్ట్ వచ్చి చేరే గేరు) ఒకే ఇనుములో పోతపోసినట్టు కలిసి ఉంటాయి. పైభాగం వెనక్కి దొర్లిన ప్రతి డిగ్రీకి, వెనుకవైపు చూస్తున్న పీనియన్ ముక్కు ఒక డిగ్రీ కిందికి వంగుతుంది, ముందు యాక్సిల్‌కు శక్తిని తెచ్చే డ్రైవ్ షాఫ్ట్ కీలు అంతే మేరకు ఎక్కువ మడతపడుతుంది. లిఫ్ట్ వల్ల ఆ షాఫ్ట్ అప్పటికే ఏటవాలుగా ఉంది. కాస్టర్ మరీ పెంచితే స్టీరింగ్ నిలుస్తుంది గానీ, 70 మైళ్ల దగ్గర నేల కింద గుయ్యిమనే కంపనం మొదలవుతుంది, కీలు మీది రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు కారుతుంది. కాస్టర్, పీనియన్ కోణం రెండూ పూర్తిగా కుదరాలంటే యాక్సిల్ చివరల సీ భాగాలను కోసి, తిప్పి, మళ్లీ వెల్డు చేయాలి. అది 3 అంగుళాల లిఫ్టుకు చేసే పని కాదు.

కాస్టర్ కుదిరాక యాక్సిల్‌ను బండి మధ్యకు తేవాలి. ట్రాక్ బార్ ఒక చివర డ్రైవరు వైపు ఫ్రేముకు, మరో చివర రెండో వైపు యాక్సిల్‌కు ఉంటుంది. బండి పైకి లేచినప్పుడు బార్ మరింత ఏటవాలై, దాని అడ్డు పొడవు తగ్గుతుంది, యాక్సిల్ డ్రైవరు వైపుకు జరుగుతుంది. లెక్క వేసి చూడండి. బార్ అడ్డంగా 840 మిల్లీమీటర్లు, రెండు చివరల ఎత్తుల తేడా 100 మిల్లీమీటర్లు అనుకుందాం. 3 అంగుళాల లిఫ్టుతో ఆ తేడా 175 అవుతుంది. అడ్డు పొడవు 840 నుంచి 828 దాకా దిగుతుంది, అంటే యాక్సిల్ 12 మిల్లీమీటర్లు పక్కకు పోయినట్టు. ఫ్రేము అంచు నుంచి తూకపుగుండు దారం వేలాడదీసి రెండు వైపులా టైరు దాకా కొలిస్తే ఇది కంటికి కనిపిస్తుంది. పొడవు మార్చుకోగల ట్రాక్ బార్ వేసి దీన్ని సరిచేయాలి. నడకకు 12 మిల్లీమీటర్లు పెద్ద హాని చేయవు, కానీ దీన్ని ఇప్పుడే తేల్చుకోవాలి, ఎందుకంటే యాక్సిల్‌ను జరిపిన ప్రతిసారీ స్టీరింగ్ చక్రం మళ్లీ వాలుతుంది.

ఈ సందర్భంలోనే డ్రాప్ పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్సు నుంచి డ్రాగ్ లింక్‌ను తిప్పే చేయి, కిందికి దించినది) అమ్మజూపితే వద్దనండి. డ్రాగ్ లింక్, ట్రాక్ బార్ పక్కపక్కనే సమాంతరంగా ఉన్నంతకాలం గతుకులో రెండూ ఒకే వలయంలో తిరుగుతాయి, స్టీరింగ్ కదలదు. పిట్‌మన్ ఆర్మును కిందికి దించి ట్రాక్ బార్‌ను అలాగే వదిలేస్తే రెండింటి వాలు వేరవుతుంది, ప్రతి గతుకుకూ బండి తనంతట తాను ఒక్కసారి పక్కకు తిరుగుతుంది. ఫోనులోని కోణం కొలిచే సౌకర్యంతో రెండు కడ్డీలనూ కొలవండి. ఒక డిగ్రీ తేడాలో ఉంటే చాలు. మార్చాలనుకుంటే రెండింటినీ కలిపి మార్చాలి, లేకపోతే రెండింటినీ వదిలేయాలి.

తరువాత టో. మొత్తం టో 0.20 డిగ్రీలు ఉండాలి, అంటే ముందు అంచులు కొద్దిగా లోపలికి. 35 అంగుళాల టైరు మీద ఇది 3 మిల్లీమీటర్లు. చక్రం లేపి తిప్పుతూ, ట్రెడ్ మధ్యలో మేకుతో సన్నని గీత గీసి, బండిని దించి నాలుగు గజాలు ముందుకు దొర్లించి, హబ్ ఎత్తులో గీతకు గీతకు టేపుతో కొలవండి. ముందు కొలత వెనుక కొలత కంటే 3 మిల్లీమీటర్లు తక్కువ రావాలి. దించిన వెంటనే కొలిస్తే టైర్లు నేలను పట్టుకుని ఉండి తప్పు చెబుతాయి. మీ 0.10 ప్రమాదకరం కాదు, అయినా ఈ టైర్లకు కాస్త పెంచడమే మంచిది.

చివరగా స్టీరింగ్ చక్రం. మీరు ఇప్పటికే దీన్ని మొదట చేయించి ఉంటే మళ్లీ చేయించాలి, ఎందుకంటే టో మార్చినా, యాక్సిల్ జరిపినా ఇది మారుతుంది. ఈఎస్‌పీ గొడవ కూడా ఇక్కడిదే. స్టీరింగ్ కోణం చూసే సెన్సారు చక్రం 15 డిగ్రీలు వాలి ఉండడాన్ని చూసి మీరు మలుపు తిప్పుతున్నారనుకుంటుంది, బండి మాత్రం నేరుగా పోతోందని వేరే సెన్సారు చెబుతుంది, రెండూ కలవకపోయేసరికి బండి జారుతోందని కంప్యూటరు నిర్ణయించి ఒక చక్రానికి బ్రేకు వేస్తుంది. తడి ర్యాంపు మీద ఇది సరదా విషయం కాదు. ఖాళీ పార్కింగ్ స్థలంలో నేరుగా నడిపి, స్టీరింగ్ కదపకుండా ఆపండి. తాళం తిప్పి స్టీరింగ్ లాకు విడిపించి, చక్రాలు నేల మీదే ఉంచి, డ్రాగ్ లింక్ మీది స్లీవు రెండు క్లాంపులు వదులు చేసి స్లీవును తిప్పండి. టైర్లు కదలవు, క్యాబిన్‌లో స్టీరింగ్ చక్రం మెల్లగా తిరిగి నిటారుకు వస్తుంది. మొదటిసారి చూసినవారికి ఇది వింతగా ఉంటుంది. బిగించే ముందు రెండు చివరల కీళ్లూ ఒకే దిశలో నిలిచాయో లేదో, పూర్తిగా తిప్పినప్పుడు క్లాంపు బోల్టు దేనికీ తగలకుండా ఉందో లేదో చూడండి. ఏ షాపు వారైనా స్టీరింగ్ చక్రాన్నే విప్పి పళ్ల మీద మార్చి పెడతామంటే ఒప్పుకోవద్దు. చూపుకు నిటారుగా ఉంటుంది గానీ సెన్సారు అబద్ధం అబద్ధంగానే ఉండిపోతుంది.

ఒక మాట, ఈ అంకెలన్నీ జేకేవి. పాత రాంగ్లర్లలో కొన్నిటి మీద డ్రాగ్ లింక్ తిప్పితే టో కూడా మారిపోతుంది, కాబట్టి ఆ రెండింటినీ కలిపి చూసుకోవాలి. ఊళ్లో మీ అన్నయ్య గారి జిప్సీకి ఇదే చేయాలని రాశారు. ఆ బండికి ముందు వైపు కూడా పట్టీ స్ప్రింగులు, కాబట్టి ఆర్ములే ఉండవు, పట్టీకీ యాక్సిల్‌కూ మధ్య ఏటవాలు ముక్క పెట్టి కాస్టర్ సరిచేస్తారు. భారత్‌లో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని కూడా ఆయనకు చెప్పండి.

పనంతా అయ్యాక 500 మైళ్లు నడిపి, ప్రతి బోల్టునూ మళ్లీ టార్క్ పానాతో చూసి, తల మీదుగా బ్రాకెట్టు దాకా రంగుపెన్నుతో ఒక గీత గీయండి; గీత విరిగి కనిపించిన రోజున ఆ బోల్టు తిరిగిందని వెంటనే తెలుస్తుంది. పార్కింగ్‌లో నెమ్మదిగా తిప్పుతున్నప్పుడు స్టీరింగ్ ఇదివరకటి కంటే కొంచెం బరువెక్కినట్టు అనిపిస్తుంది. అది కాస్టర్ పెరిగిన గుర్తు, దాన్ని లోపమనుకుని మళ్లీ షాపుకు తీసుకెళ్లవద్దు.